తక్కెడ ముందు, ప్రెస్సు తరువాత

"ఇంట్లో పిస్తోలు తూటాలు తిరిగి నింపుకోవడం మొదలుపెట్టాలనుకుంటున్నానన్నా, ఏ ప్రెస్సు కొనమంటావు?" అని అడుగుతూ రెండు మూడు నెలలకు ఒకసారి అమెరికా నుంచి నాకు ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. ప్రెస్సు అంటే పిడి దించి తూటాలు బిగించే చేతి యంత్రం. వీళ్లంతా డల్లాస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఇల్లు కొనుక్కుని, అక్కడి చట్టం ప్రకారం తుపాకి కొనుక్కుని, శని ఆదివారాల్లో రేంజికి వెళ్లి కాగితపు గురి మీద కాల్చడం మరిగిన మనవాళ్లే. నేను అరిజోనాలో 18 ఏళ్లు ఉన్నాననీ, అందులో చివరి 8 ఏళ్లూ గరాజులో కూర్చుని ఈ పని చేశాననీ, ఇప్పుడు తిరుపతి వచ్చేసి కాస్త తీరికగా ఉన్నాననీ ఎవరి ద్వారానో తెలుసుకుని అడుగుతారు. అందరికీ నేను చెప్పే జవాబు ఒక్కటే. అది ఇంతవరకూ ఎవరికీ నచ్చలేదు. ప్రెస్సు మాట తరువాత చూద్దాం, ముందు ఒక మంచి తక్కెడ కొనుక్కుని, దాని ముందు మాట్లాడకుండా గంటసేపు కూర్చోగలరో లేదో చూసుకోండి అంటాను. అవతలివాళ్లు నవ్వి, అది సరేలే గానీ ప్రెస్సు పేరు చెప్పు అంటారు. ఫోనులో చెప్పలేకపోయిన మిగతా మాట ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న చిత్తూరులో 40 ఏళ్లకు పైగా బంగారు పని చేశారు. మా దుకాణం అంటే ఒక ఇరుకు గది, అందులో ఒక కుంపటి, ఒక దాగలి, గోడవారగా గాజు తలుపుల చెక్కపెట్టెలో ఒక తక్కెడ. నాన్న ఆ పెట్టె తలుపు మీద చెయ్యి వేయగానే నేను లేచి ఫ్యాను ఆపాలి. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నమైనా, ఎదురుగా కూర్చున్నది కూతురి పెళ్లి నగలకోసం పలమనేరు నుంచి వచ్చిన పెద్ద రైతైనా, ముల్లు నిలిచేదాకా ఫ్యాను తిరగకూడదు, ఎవరూ నోరు మెదపకూడదు. తూకం దగ్గర పలకరింపు వద్దు అనేవారు ఆయన. చిన్నప్పుడు నాకది చాదస్తంగా కనిపించేది. ఆ చాదస్తం విలువ నాకు 40 ఏళ్లు దాటాక, పరాయి దేశంలో, నా సొంత తప్పు వల్ల తెలిసింది.

తెలియనివారి కోసం పని స్వరూపం కొంచెం చెప్పాలి. తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి గొట్టం ఒకటి, దాని అడుగున సూది దెబ్బకు నిప్పు రాజేసే బటాణీ గింజంత ప్రైమర్ ఒకటి, గొట్టంలో తుపాకిమందు, మూతిలో బిగించిన గుండు. కాల్చినప్పుడు గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. నాలుగింటిలోకీ ఖరీదైన ఇత్తడి గొట్టం మాత్రం తుపాకి పక్కన నేలమీద పడి మిగులుతుంది. దాన్ని ఏరుకుని, కడిగి, పాత కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్ గుచ్చి, మందు తూచి పోసి, కొత్త గుండు బిగించడాన్నే రీలోడింగ్ అంటారు. తక్కువ ఒత్తిడితో పనిచేసే పిస్తోలు తూటాల గొట్టాలు పది సార్లకు మించి కూడా పనికొస్తాయి.

ఇక్కడ చరిత్రలో ఒక తమాషా ఉంది. ఈ గొట్టం అడుగున ప్రైమర్ కూర్చునే పద్ధతులు రెండు. ఒకటి అమెరికా సైనికాధికారి హైరమ్ బెర్డాన్ పేరు మీద, రెండోది ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధశాలలో పనిచేసిన ఎడ్వర్డ్ బాక్సర్ పేరు మీద చలామణీలో ఉన్నాయి. రెండూ 1866 నాటివే. బెర్డాన్ పద్ధతిలో ప్రైమర్ దెబ్బ తినే దాగలి గొట్టంలోనే ఒక బొడిపెగా ఉంటుంది, నిప్పు లోపలికి పోయే రంధ్రాలు సాధారణంగా రెండు పక్కలా ఉంటాయి. బాక్సర్ పద్ధతిలో దాగలి ప్రైమర్‌లోనే ఇమిడి ఉంటుంది, గొట్టానికి నడిమధ్య ఒకే రంధ్రం. ఆ ఒక్క రంధ్రంలోంచి సన్నని ఊచతో పాత ప్రైమర్‌ను సులువుగా నెట్టేయవచ్చు కాబట్టి ఇంట్లో నింపుకునేవారు దాదాపు అందరూ బాక్సర్ గొట్టాలనే ఏరుకుంటారు. చివరికి అమెరికావాడి పద్ధతి ఐరోపాలో, ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది. కొత్తగా చేరినవారు చాలామంది .22 తూటాలు కూడా నింపవచ్చా అని అడుగుతారు. వాటిలో నిప్పు రాజేసే రసాయనం గొట్టం అడుగు అంచులోనే పూసి ఉంటుంది, ఒకసారి సూది దెబ్బ పడి అంచు నలిగితే ఇక దాని పని అయిపోయినట్టే. ఆ ఆశ వదులుకోవచ్చు.

ఇక, దాదాపు అందరూ ఈ పనిలోకి దిగేది డబ్బు ఆదా అవుతుందని. నేను దిగింది కూడా అందుకే. 2012 చివర్లో కనెటికట్‌లో ఒక బడిలో జరిగిన ఘోరం తరువాత తుపాకుల చట్టాలు మారతాయన్న భయంతో జనం ఎగబడి కొనడం వల్ల 2013లో అమెరికా అంతటా తూటాల అరలు ఖాళీ అయ్యాయి. దుకాణం తెరవకముందే వరుసలో నిలబడి, మనిషికి రెండు డబ్బాలని ఇస్తే అవి తెచ్చుకుని మురిసిపోయిన రోజులవి. అప్పుడు లెక్క వేసుకున్నాను: గొట్టం ఎలాగూ ఉంది, ఒక పౌండు మందు కొంటే వెయ్యికి పైగా పిస్తోలు తూటాలు వస్తాయి, గుండూ ప్రైమరూ మాత్రమే ఖర్చు. లెక్క కాగితం మీద బాగానే ఉంది. బంగారు పని ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి తరుగూ కూలీ కలపకుండా నగ ధర చెప్పకూడదని నాకు తెలిసి ఉండాలి. ప్రెస్సు, దానిలో బిగించే డైలనే అచ్చులు, తక్కెడ, గొట్టాలు శుభ్రం చేసే యంత్రం, కొలతల క్యాలిపర్, బల్ల, వీటి ఖరీదు తీరేటప్పటికి వేల తూటాలు నింపాలి. దుకాణంలో దొరికే 9 ఎంఎం తూటా మామూలు రోజుల్లో తిరిగి నింపదగిన పిస్తోలు తూటాలన్నిటిలోకీ చవక, దాని మీద మిగిలేది అంతంతమాత్రం. .44 మాగ్నమ్, .45 కోల్ట్ వంటి తక్కువ అమ్ముడయ్యే వాటి మీదే నిజంగా తేడా కనిపిస్తుంది. పైగా చేతిలో తూటాలు ఉన్నకొద్దీ మనిషి ఎక్కువ కాలుస్తాడు. మా ఇంట్లో నెల ఖర్చు ఒక్క రూపాయి, అదే ఒక్క డాలరు, తగ్గినట్టు మా ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆదా అన్న ఆలోచనతో మొదలుపెట్టడంలో నష్టం డబ్బులది కాదు. ఆదా కోసం దిగినవాడికి తొందర ఉంటుంది. గంటకు ఎన్ని వచ్చాయి, వందకు ఎంత పడింది అని లెక్కలు చూసుకుంటాడు. ఆ తొందరే అతన్ని ప్రోగ్రెసివ్ ప్రెస్సు వైపు నెడుతుంది. ప్రెస్సుల్లో ముఖ్యంగా రెండు తెగలున్నాయి. సింగిల్ స్టేజ్ ప్రెస్సులో ఒక్కసారి పిడి దించితే ఒక గొట్టానికి ఒక పనే జరుగుతుంది. 50 గొట్టాలకూ మొదటి పని పూర్తిచేసి, డై మార్చి, మళ్లీ 50 గొట్టాలకూ రెండో పని చేయాలి. గంటకు 50 నుంచి 100 తూటాలు వస్తే గొప్ప. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో గుండ్రటి పళ్లెం మీద గొట్టాలు వరుసగా కూర్చుని తిరుగుతుంటాయి. పిడి ఒకసారి దించితే ఒకదానికి పాత ప్రైమర్ ఊడుతుంది, పక్కదానిలో మందు పడుతుంది, మూడోదానికి గుండు దిగుతుంది, నాలుగోది పూర్తయి డబ్బాలో పడుతుంది. గంటకు కొన్ని వందలు వస్తాయి. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. నేను మొదట కొన్నది అదే.

2013 నవంబరులో ఒక రాత్రి ఆ యంత్రం ముందు కూర్చుని పిడి దించుతున్నాను. చిత్తూరులో అప్పటికి తెల్లవారి ఉంటుంది, అమ్మ ఫోన్ చేసింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, పళ్లెం మీద ఏదో గొట్టం వంకరగా కూర్చుంటే దాన్ని సరిచేసి, పళ్లెం చేత్తో ఒక గడి తిప్పి, మాట్లాడుతూనే పని సాగించాను. అమ్మ మా పెద్దత్త మోకాలి ఆపరేషను సంగతి చెబుతోంది. ఆ తిప్పిన గడిలో ఒక గొట్టం మందు పడకుండానే ముందుకు పోయింది. పైకి చూస్తే ఏమీ తేడా లేదు, గుండు చక్కగా బిగిసింది, తళతళలాడుతున్న మిగతా 400 తూటాల మధ్య అదీ ఒకటిగా డబ్బాలో పడింది.

పది రోజుల తరువాత రేంజిలో అది నా తుపాకిలోకి వచ్చింది. ఢాం అని మోగవలసినచోట టప్ అని, అటుకుల డబ్బా మూత తీసినంత చప్పుడు వచ్చింది. చేతికి దెబ్బ తగలలేదు. ప్రైమర్ ఒక్కటే పేలి, దాని బలానికి గుండు గొట్టంలోంచి కదిలి, తుపాకి గొట్టం మధ్యదాకా పోయి ఇరుక్కుంది. ఇంకొక తూటా దాని వెనకే కాలిస్తే ముందున్న గుండు అడ్డం పడి తుపాకి గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది, చేతులూ కళ్లూ దాని దయ. వేగంగా కాల్చే అలవాటున్నవాడైతే వేలు ఆగకముందే రెండోసారి నొక్కి ఉండేవాడు. నేను ఆగింది తెలివితో అనుకోను. ఆ చప్పుడు వింతగా అనిపించి తుపాకి దించాను, అంతే. విప్పి, తుపాకి గొట్టంలో వెలుతురు కనిపించకపోవడం చూసిన తరువాత నా వేళ్లు వణకడం మొదలుపెట్టాయి.

ఇంటికి వచ్చి, మిగిలిన తూటాల్లో ఇంకా ఎన్ని ఖాళీవో తెలుసుకుందామని ఒక్కొక్కదాన్నీ తూచాను. అది ఎంత పిచ్చి పనో అప్పుడు తెలియలేదు. రకరకాల సంస్థల గొట్టాలు కలిసిపోయి ఉన్నాయి, గొట్టానికీ గొట్టానికీ బరువులో ఉండే తేడాయే లోపలి మందు బరువుతో సమానంగా ఉంది. తక్కువ తూగింది ఖాళీదా, గొట్టం తేలికదా అని చెప్పే దారి లేదు. చివరికి ప్లాస్టిక్ సుత్తి లాంటి పనిముట్టులో ఒక్కొక్క తూటాను బిగించి, నేలకు కొట్టి, గుండు ఊడదీసి, మూడు రాత్రులు కూర్చుని అన్నీ విప్పాను. ఖాళీది ఇంకొకటి దొరకలేదు. ఆ మరుసటి వారం ప్రోగ్రెసివ్ ప్రెస్సు అమ్మేసి, దుమ్ము పట్టిన పాత సింగిల్ స్టేజ్ ప్రెస్సు ఒకటి కొనుక్కున్నాను.

2014 అక్టోబరులో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నను గరాజులో కుర్చీ వేసి కూర్చోబెట్టాను గానీ ఆయన చేతికి ఏదీ ఇవ్వలేదు. ఇది మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. సందర్శక వీసా మీద వచ్చినవారూ, హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవారూ అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం తుపాకినే కాదు, తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి తమకు వర్తిస్తాయో లేదో లాయరు దగ్గర తేల్చుకోవాలి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఈ జోలికే పోలేదు. ఆ కార్డు ఉన్నవాడు తన వాడకానికి తూటాలు నింపుకోవడానికి సమాఖ్య లైసెన్సు అక్కరలేదు. అవి అమ్మకానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు కావాలి.

నాన్న అరగంట చూశారు. నేను తక్కెడ పళ్లెంలో మందు పోసి, ముల్లు సరిచూసి, గొట్టంలో ఒంపి, చెక్క దిమ్మలో నిలబెడుతున్నాను. దిమ్మలో 50 గుంటలు, కొన్నిటిలో మందు పోసిన గొట్టాలు, కొన్నిటిలో పోయనివి, అన్నీ నోళ్లు పైకి తెరుచుకుని పక్కపక్కనే ఉన్నాయి.

"పోసినవేవి, పోయనివేవి?" అన్నారు.

"చూస్తే తెలుస్తుంది గదా నాన్నా."

"చూస్తేనే తెలిసేది తప్పు. చూడకపోయినా తెలియాల. పోయనివాటిని బోర్లించి పెట్టు."

ఆ రోజునుంచి పోయని గొట్టాలను బోర్లించి పెట్టడం నా అలవాటయింది. బోర్లించిన గొట్టాన్ని తీసి, తిప్పి, నింపి, రెండో దిమ్మలో నిలబెట్టడం. ఒకదానిలో రెండుసార్లు మందు పోయాలంటే ఇక మనిషి పనిగట్టుకుని తప్పు చేయాలి. అన్నీ అయ్యాక టార్చి పట్టుకుని 50 నోళ్లలోకీ తొంగిచూసి, మందు మట్టం ఒకే తీరుగా ఉందో లేదో చూసిన తరువాతే గుండు బిగించడం. ఇదేదో నాన్న కనిపెట్టింది అనుకున్నాను. అనుభవం ఉన్న రీలోడర్లు చాలామంది ఇలాగే చేస్తారని తరువాత తెలిసింది. మునుపటి ఏడు జరిగిన ముచ్చట కూడా ఆయనకు చెప్పాను, తూటాలన్నీ తూచి చూసిన సంగతితో సహా. ఆయన నవ్వలేదు. "రాయి ఎంత తూగుతుందో తెలియకుండా, పొదిగిన ఉంగరాన్ని తూచి బంగారం ఎంతో చెబుతావా?" అన్నారు.

ఈ పనిలో బరువులన్నీ గ్రెయిన్లలో చెబుతారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు. కొత్తవారికి ఇది వింత కొలతగా తోస్తుంది గానీ మనకు కొత్త కాదు. కంపెనీ ప్రభుత్వం 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరచింది, పాత తులం 11.66 గ్రాములు కావడానికి కారణం అదే. తులానికి 96 గురువింద గింజలని మన పాత లెక్క, అంటే గింజకు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. .40 ఎస్ అండ్ డబ్ల్యూ పిస్తోలులో ఎక్కువగా వాడే గుండు సరిగ్గా 180 గ్రెయిన్లు, పాత లెక్కలో ఒక తులం. ఇది చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు, ఆ తరువాత, సీసం తులం లెక్కన అమ్ముతున్నారా ఈ దేశంలో అన్నారు.

గుండు తులం ఉంటే, దాన్ని తోసే మందు కొన్ని గురువింద గింజల ఎత్తు మాత్రమే. మందు తక్కెడ గ్రెయిన్‌లో పదో వంతు వరకు, అంటే ఆరున్నర మిల్లీగ్రాముల వరకు చూపించాలి. ఎందుకింత పట్టింపు అంటే ఆ చిన్న గొట్టంలో పుట్టే ఒత్తిడి అలాంటిది. మన కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 33 పౌండ్లు అనుకుందాం. 9 ఎంఎం తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 35,000 పౌండ్లు, టైరుకు వెయ్యి రెట్లు. .38 స్పెషల్‌కు 17,000. గొట్టం చిన్నది కాబట్టి గుండు ఒక వెంట్రుకవాసి లోతుగా దిగినా లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే మందు ఎంతో, గుండు దిగిన తరువాత తూటా మొత్తం పొడవు ఎంతో, రెండూ మందు తయారీదారులూ గుండ్ల తయారీదారులూ అచ్చువేసే పట్టికల్లోంచే తీసుకోవాలి. ఆ పట్టికలో రెండు అంకెలుంటాయి, మొదలుపెట్టవలసినదీ దాటకూడనిదీ. మొదటి అంకె దగ్గర మొదలుపెట్టి అక్కడే తృప్తిపడినవాణ్ణి నేను బుద్ధిమంతుడంటాను. కాగితానికి చిల్లు పడడానికి అంతకన్నా ఏమీ అక్కరలేదు. ఎవరో స్నేహితుడు చెప్పిన అంకె, యూట్యూబులో విన్న అంకె నా బల్ల మీదికి రాకూడదు, అందుకే ఈ వ్యాసంలో కూడా ఒక్క మందు కొలత రాయడం లేదు.

మొదట ఏ తూటాతో మొదలుపెట్టాలన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. ఒత్తిడి తక్కువ, గొట్టాలు ఎక్కడికో ఎగిరిపోకుండా రివాల్వర్‌లోనే ఉంటాయి, పట్టుకోవడానికి వేళ్లకు పొడుగ్గా ఉంటాయి కాబట్టి .38 స్పెషల్ మంచిదని చాలామంది అంటారు. నేనూ ఒప్పుకుంటాను, ఒక్క హెచ్చరికతో. ఆ తూటా 1898 నాటిది. పొగ వచ్చే నల్లటి తుపాకిమందు ఎక్కువ పోయవలసిన కాలపు కొలతలతో పుట్టింది కాబట్టి గొట్టం లోపల చోటు చాలా ఎక్కువ. ఇప్పటి పొగలేని మందు అందులో అడుగున గింజలు చల్లినట్టు పడుతుంది. రెండోసారి పోసినా పొంగదు, మూడోసారి పోసినా గుండు బిగుస్తుంది. కాబట్టి పట్టికలో ఉన్న మందుల్లో గొట్టాన్ని సగానికి పైగా నింపే ఉబ్బు మందును ఎంచుకుంటే, రెండోసారి పోసినప్పుడు అది పొర్లి బల్ల మీద పడి మన తప్పును మనకు చూపిస్తుంది. చౌకగా, తక్కువ పరిమాణంతో పని జరిగే మందే మేలని ఆదా లెక్క చెబుతుంది. ఆదా లెక్క మీద నాకున్న కోపానికి ఇది ఇంకో కారణం.

ప్రెస్సు పని నిజానికి ఇందులో సులభమైన భాగం. పిస్తోలు గొట్టాలకు కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థంతో చేసిన డై వాడితే నూనె రాసే పని కూడా లేదు. కాల్చినప్పుడు ఉబ్బిన గొట్టం డైలోంచి పోయి పాత కొలతకు వస్తుంది. బంగారు తీగను కమ్మచ్చులోంచి లాగినప్పుడు చేతికి తెలిసే బిగువు ఇక్కడ పిడిలో తెలుస్తుంది. చిట్లిన గొట్టమైతే ఆ బిగువు ఉండదు, పిడి వదులుగా దిగుతుంది. చూపుకన్నా చెయ్యి ముందు పసిగడుతుంది. తరువాత గుండు నిలబడడానికి నోరు ఇసుమంత విప్పాలి, గుండు దిగాక ఆ విప్పినదాన్ని మళ్లీ నొక్కాలి. 9 ఎంఎం, .45 ఏసీపీ తూటాలు తుపాకి గదిలో, అంటే తూటా కూర్చునే చోట, తమ నోటి అంచు మీదే ఆని నిలబడతాయి కాబట్టి ఆ అంచును లోపలికి మడిచేయకుండా నిలువునా సాపు చేస్తే చాలు. రివాల్వర్ తూటాలకు అడుగున అంచు ఉంటుంది, వాటికి రాయి పొదిగి బంగారపు అంచు నొక్కినట్టు గుండు గాడిలోకి మడవవచ్చు. అంతా సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి తుపాకిని ఖాళీ చేసి, తుపాకి గొట్టాన్ని విడిగా తీసి, తూటాను దాని గదిలోకి వదలాలి. టక్‌మని తనంతట తాను దిగి, వేలితో తిప్పితే తిరిగి, బోర్లిస్తే జారి బయటికి రావాలి. వేలితో నెట్టవలసి వస్తే ఆ విడత తూటాలన్నీ మళ్లీ చూసుకోవాలి.

మన భాషలో మందు అన్న మాటకు మూడు అర్థాలున్నాయి కాబట్టి ఒక సూత్రం చెప్పడం తేలిక: మందు కొట్టినవాడు మందు పోయకూడదు, మందులు మింగి మగతగా ఉన్నవాడూ పోయకూడదు. బల్ల మీద ఒకసారి ఒకే రకం మందు డబ్బా ఉండాలి. రెండు రకాలు కలిసిపోతే, రెంటికీ కలిపి చెత్తే గతి. ప్రైమర్లలో సీసపు రసాయనం ఉంటుంది, పాత గొట్టాలు పొడిగా రుద్ది శుభ్రం చేసేటప్పుడు ఆ దుమ్ము లేస్తుంది. నా బల్ల దగ్గర తినడం తాగడం లేదు, లేచాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాణ్ణి, పిల్లలను గరాజులోకి రానిచ్చేవాణ్ణి కాదు. ఫీనిక్స్ ఎండకు గరాజు మన రేణిగుంట రైలు పెట్టెకన్నా అన్యాయంగా కాగుతుంది కాబట్టి మందూ ప్రైమర్లూ ఇంట్లో చల్లని గదిలో, వాటి సొంత డబ్బాల్లోనే, దేనికది వేరుగా ఉంచాను.

ఇక్కడికి వచ్చాక ఇంకో రకం ప్రశ్న వస్తోంది. పలమనేరు దగ్గర మామిడి తోట ఉన్న మా దూరపు తమ్ముడొకడు, పంటకు అడవి పందుల బెడద ఉందనీ, తన దగ్గర లైసెన్సు తుపాకి ఉందనీ, తూటాలు దొరకడం కష్టంగా ఉందనీ చెప్పి, "ఆ మిషను ఒకటి తెప్పించుకుందామాన్నా, నువ్వు నేర్పిస్తే చాలు" అన్నాడు. ఆ మాట అక్కడే ఆపాను. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం మందుగుండు తయారుచేయడానికి ప్రత్యేకంగా లైసెన్సు కావాలి. తుపాకి ఉంచుకునే లైసెన్సు దానికి చాలదు. అంతేకాదు, అదే చట్టంలో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ కూడా ఉన్నాయి. అంటే ఖాళీ ప్రెస్సు తెప్పించుకున్నా చిక్కే. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. మనం ఇంతగా చెప్పుకున్న 9 ఎంఎం ఇక్కడ మామూలు పౌరుడికి నిషిద్ధమైన బోరు, అంటే తుపాకి గొట్టం కొలత. చట్టం లేకపోయినా నేను నేర్పేవాణ్ణి కాదు, ఎందుకంటే అమెరికాలో ఈ పని నిలబడింది మనుషుల తెలివి మీద కాదు. పక్కాగా ఒకే తీరుగా తయారైన మందు డబ్బా, దాని మీద బ్యాచ్ నంబరు, దానికి సరిపడే అచ్చు పట్టిక అంగడిలో దొరకడం మీద నిలబడింది. అవేవీ లేనిచోట చేతికొచ్చిన మందును గొట్టంలో పోయడం నాటు తుపాకి పనే, దానికి ప్రెస్సు అలంకారం. వాడు రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

2021లో సామాను సర్దేటప్పుడు ప్రెస్సూ డైలూ మా ఊరి రేంజిలో ఒక ముసలాయనకు ఇచ్చేశాను. ఎనిమిదేళ్లు రీలోడింగ్ చేసిన ఇంట్లో ఖాళీ గొట్టాలు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పలేం. ప్యాంటు మడతల్లో, బూట్లలో, కారు సీట్ల కింద దొరుకుతూనే ఉంటాయి. విమానాశ్రయంలో ఒక్క ఖాళీ గొట్టం సంచిలో కనిపించినా ఏమవుతుందో ఆ నిర్వచనం చదివినవాడికి తెలుసు కాబట్టి ప్రతి పెట్టెనూ మూడుసార్లు తలకిందులు చేసి దులిపాను. మూడోసారి ఒకటి పడింది, మా అబ్బాయి పాత బడి సంచీలోంచి.

తెచ్చుకున్నవి తక్కెడ సరిచూసే చిన్న తూనికరాళ్లు మాత్రమే, గ్రెయిన్ల అంకెలు చెక్కిన ఇత్తడి ముక్కలు. నాన్నకు ఇప్పుడు చూపు తగ్గింది, పని మానేశారు, గాజు పెట్టె తక్కెడ మాత్రం తిరుపతిలో మా ముందు గదిలో ఉంది. మొన్న ఒక సాయంత్రం రెండు గ్రెయిన్ల రాయిని ఒక పళ్లెంలో వేసి, ఆయన డబ్బాలోంచి ఒక గురువింద గింజ తీసి రెండోదానిలో వేశాను. ముల్లు రాయి వైపు కొంచెం ఒరిగింది, లెక్క ప్రకారం ఒరగవలసినంతే. గింజ తక్కువ తూగిందని చెబితే నాన్న ఒప్పుకోలేదు. వేళ్లతో డబ్బాలో తడిమి ఇంకో గింజ తీసి ఇచ్చి, నేను పళ్లెం మీదికి వంగగానే అన్నారు, "ఫ్యాను ఆపినావా?"

ఆపలేదు.